భాగహారం బాబాయి, 510510 నంబరు ఫైలు

ఆస్పత్రి రికార్డు గదిలో గుమాస్తా అయిన భాగహారం బాబాయికి ఒకటే జబ్బు. పెద్ద నంబరు కంటబడితే భాగించకుండా వదలడు. అది ఎక్కాల్సిన బస్సు మీదున్నా సరే, లెక్క తేలేసరికి బస్సు వెళ్లిపోయేది. “ఆయన భాగించలేనిది నన్నొక్కదాన్నే” అంటుంది పిన్ని.

ఆపరేషన్ గది నర్సుకు మాత్రం ఆయనంటే విసుగు. ఫైలు అడిగితే పావుగంట పాఠం చెప్పేవాడు.

ఆ ఉదయం ఒక దర్జీ ఆవిడ మంచం దిగి చెప్పులు వెతుక్కుంటోంది. కత్తెర జారి చూపుడువేలి నరం తెగింది. ఇవాళ కుట్టకపోతే ఆ వేలు ఇక వంగదు, ఆమె బతుకుతెరువు పోయినట్టే.

“నా ఫైలు నంబరు 510510. అంకెలు కూడితే పన్నెండు. పన్నెండో తారీఖునే వేలు తెగింది. ఇది అపశకునం, నేను ఇంటికి పోతానమ్మా!”

నర్సు బతిమాలింది, కసిరింది, మళ్లీ బతిమాలింది. అంతలో బాబాయి కాగితాలతో వచ్చాడు.

“బాబాయ్, ఇప్పుడొద్దు, దండం పెడతాను!”

ఆయన వింటేగా! “అమ్మాయ్, రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు. ఒట్టి మొండిఘటాలు. ఒకటీ, తామూ తప్ప ఇంకేదీ వీటిని భాగించలేదు. ఈ ఏడింటికీ శేషం లేకుండా లొంగే సంఖ్యల్లో అన్నిటికన్నా చిన్నది నీదే. ఏడుగురు తోడికోడళ్లు ఒకే వంటింట్లో ఉన్నా గిన్నె చప్పుడు కానట్టు!”

“అబద్ధం!” అంది ఆవిడ. ఆమెకు ఇంట్లో ముగ్గురు తోడికోడళ్లు.

“భాగించి చూసుకో.”

ఎడమచేత్తో పెన్సిలు పట్టి, రోషంగా మొదలుపెట్టింది. డాక్టరు వచ్చేసరికి మంచమెక్కి కూర్చుని ఉంది. “ఒక్క నిమిషం డాక్టరుగారూ, పదిహేడు మిగిలిపోయింది!”

పదిహేడూ పోయింది. ఆమె పెన్సిలు పక్కన పెట్టి ఆపరేషన్ గదిలోకి వెళ్లింది. కుట్టు బాగా పడిందన్నాడు డాక్టరు.

ఫైలు తిరిగివ్వడానికి వెళ్లిన నర్సుకు అనుమానం వచ్చింది. “కొత్త ఫైళ్లు 510742 దాకా వచ్చాయి. నిన్న చేరిన మనిషికి ఇంత పాత నంబరు ఎలా వచ్చింది?”

బాబాయి సొరుగు తెరిచాడు. “పక్కన పెట్టుంచాను. నిన్న ఆవిడ ఎంత భయపడిందో చూడలేదా నువ్వు? ఉన్నవాటిలో మంచిది ఇచ్చాను. భాగించాల్సిన నంబర్ని ఎవరైనా కూడతారా?”

తెరిచిన సొరుగులో ఇంకా ఆరేడు ఖాళీ ఫైళ్లు. పైన చీటీ: ‘బాగా భయపడేవాళ్లకి.’

ఇన్నాళ్లూ విసుక్కున్నందుకు నర్సు సిగ్గుపడింది. ఆ ముసలాయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది. అది పైకి తెలియనివ్వకుండా, “మరి 510511 ఎవరికిచ్చారు?” అంది.

“మన పెద్దడాక్టరుకి, పంటినొప్పితో వస్తేనూ. ఆ ఏడింటిలో దేంతో భాగించినా ఒకటి మిగిలిపోతుంది. ఎవరితోనూ సర్దుకోదు.”