ఆయన పొడుగు దారం

ఊరూరా ఎస్‌టీడీ బూత్‌లు లేస్తా ఉన్న కాలమది. వేలూరునించి గుడియాత్తం పోయే బస్సు మిట్టమధ్యాన్నం కే.వి.కుప్పంలో పంక్చరయింది. అందరం దిగి నిలబడినాము. నా సంచిలో తాపీని చూసి పక్కనాయన అడిగినాడు.

"మేస్త్రీవా అప్పా? గోడకు కట్టే దారం ఉండాదా?"

చూస్తే సేద్యగాడి మాదిరి ఉన్నాడు. పెదాలు నేరేడుపండు రంగు. నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు. గుండె బలహీనమై ఏండ్లయిందంట. ఎల్లుండి వైద్యానికి సింగపూరులో ఉండే కొడుకుకాడికి పోతాడంట.

"ఆడ నాకేమన్నా అయితే బూడిదే పంపిస్తారంట. మాలో పూడ్చేదే గానీ కాల్చేది లేదు. బూడిదొచ్చినా సరే, గుంత నా పొడుగు తవ్వల్ల. కొలువు నాయనా."

సంచిలోనించి దారం తీసినాను. తలనించి కాళ్ళదాకా కొలిచినాను. తలకాడ ఒక ముడి, కాళ్ళకాడ ఒక ముడి ఆయనే వేసినాడు. నా పేరూ ఊరూ అడిగి చీటీలో రాసుకున్నాడు.

"ఇప్పుడే ఇంట్లో ఇస్తే ఏడుస్తారు. నీకాడ ఉండనీ. బాగైతే నేనే వస్తా, లేకుంటే మావాళ్ళు వస్తారు."

ఎవరూ రాలేదు.

ఏటా ఆయుధపూజకు పనిముట్లన్నీ కడిగి నేలమీద పెడతాను. వాటి పక్కన ఆ దారాన్నీ చాపుతాను. దాని సంగతి నా పెండ్లానికి ఏనాడూ చెప్పలేదు. ఆమె మాత్రం కర్పూరం తట్ట పట్టుకొని, కాళ్ళకాడి ముడి అవతలనించి చుట్టుకొని పోతుంది. ఎందుకట్ల పోతావని మొన్న అడిగినాను.

"పండుకున్నోళ్ళను దాటకూడదు గదా" అనింది.

అని, తనే నేలవైపు చూస్తా నిలబడిపోయింది.