మాడుగుల టు చోడవరం

నవ్వితే నవ్వండి గానీ, వచ్చిన బదిలీని నేనే చెడగొట్టుకున్నాను. అదీ సొంత దస్తూరీతో, ఇంగ్లీషులో!

నేను దేవరాపల్లిలో మాస్టర్ని. మా ఆవిడ రూతమ్మ చోడవరంలో టీచరు. పెళ్లయి మూడేళ్లయినా, శనివారం సాయంత్రం చుట్టంలా దిగడం, సోమవారం తెల్లారకుండా బస్సెక్కడం. పక్కింటావిడ ఇప్పటికీ "మీ తమ్ముడొచ్చేడా అమ్మా?" అని రూతమ్మని అడుగుతుంది!

ఇంతలో ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. హల్వాకి పేరుపడ్డ మాడుగులలో ఒక ఖాళీ, చోడవరంలో ఒక ఖాళీ. ఏది కావాలో రాయమన్నారు.

తెలుగులో రాస్తే పోయేది. కానీ దొరలు వెళ్లిపోయినా వాళ్ల భాషకి ఆఫీసుల్లో ఇంకా కుర్చీ వేస్తన్నారు కదా! రాసేను: "ఐ ప్రిఫర్ మాడుగుల టు చోడవరం."

నా తెలివి ఏటంటే, బస్సుకి బోర్డు ఉంటాది కదా, "మాడుగుల టు చోడవరం" అని. అదెక్కితే ఎక్కడ దిగుతాం? చోడవరంలో! అంటే మాడుగుల వద్దు, చోడవరమే కావాలని.

రూతమ్మ "ఓసారి చూపించండి" అంది.

"నాకు ఇంగ్లీషు నువ్వు నేర్పుతావా?" అన్నాను.

పది రోజులకి ఆర్డరొచ్చింది. మాడుగుల!

ఒళ్లు మండి ఆఫీసుకెళ్లేను. ముసలి హెడ్డు గుమాస్తా గారు నా దరఖాస్తు తీసి బల్ల మీద పెట్టేరు.

"ఏటి మాస్టారూ, అడిగిందే ఇచ్చేం కదా?"

"నేనడిగింది చోడవరం బాబూ!"

"మరిదేటి? ప్రిఫర్ అన్నది లాటిన్ లోంచి వచ్చిన మాట. 'ప్రే' అంటే ముందు, 'ఫెర్రే' అంటే మోయడం. కావలసినదాన్ని మోసుకొచ్చి ముందు పెట్టడమన్నమాట. నువ్వు మాడుగులని మోసుకొచ్చి మా ముందెట్టేవు. ఇక్కడ 'టు' అంటే 'కంటే' అని. చోడవరం కంటే మాడుగులే నయమన్నావు!"

"మార్చండి బాబూ!"

"చోడవరంలో వేరే ఆయన జేరిపోయేడు. ఆయన తెలుగులో రాసేడులే."

ఇంటికొచ్చి జరిగింది చెప్పేను. రూతమ్మ కేకలేస్తే బాగుణ్ను. నెమ్మదిగా, "పెళ్లాం ఉన్న ఊరి కంటే హల్వా ఊరే నయమని సర్కారుకి రాసిచ్చేరన్నమాట!" అంది.

సోమవారం మాడుగులలో జేరేను. హెడ్మాస్టారు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నారు. "మా ఊరు కోరుకున్న మాస్టారు మీరేనా? మీ దరఖాస్తు చూసేనండీ. ఏం ఇంగ్లీషు! ఒక్క తప్పు లేదు!"

అని, స్కూల్లో ఇంగ్లీషు క్లాసులన్నీ నాకే అప్పజెప్పేరు.