జూలై నెలను ఎంచుకున్నది నేనే

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. అది ఒక నివేదిక. నాలుగు పేజీలు. అందులో ఒక్క అబద్ధం లేదు. బరువంతా అక్కడే ఉంది.

మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పడం కొంత సులువు. మొదలుపెట్టే ముందు ఒక సవరణ. ఈ తొమ్మిదేళ్లూ నిద్ర పట్టలేదనీ, తిండి సహించలేదనీ రాస్తే చదవడానికి బాగుంటుంది, కానీ అది నిజం కాదు. బాగానే నిద్రపోయాను. ఏ మాటనైనా పరీక్షించకుండా ఒప్పుకోవద్దని చదువు నేర్పింది కాబట్టి నా పశ్చాత్తాపాన్ని కూడా పరీక్షించకుండా మీ ముందు పెట్టలేను. అయితే బరువు ఎప్పుడు తెలిసేది? ఎవరైనా నన్ను నిక్కచ్చి మనిషి అని మెచ్చుకున్నప్పుడు. ఆ మాట చెవిన పడగానే మాట మార్చేదాన్ని. ఏడాదికి రెండు మూడు సార్లు. అంత చిన్నదాన్ని ఇన్నేళ్లు ఎందుకు వదిలించుకోలేకపోయాను? వదిలించుకోవాలంటే చెప్పాలి. చెప్పలేదు.

నేను మంథనిలో పుట్టాను. కరీంనగర్‌లో రసాయన శాస్త్రం చదివాను. ఒక పెద్ద కర్మాగారంలో బొగ్గు పరీక్షించే ల్యాబ్‌లో చేరి, తర్వాత దానికి ఇన్‌ఛార్జినై, మూడు నెలల కిందట రిటైరయ్యాను. కర్మాగారం పేరు ఇక్కడ రాయను. నా పేరు కూడా. రాయవలసిన చోట రెండూ రాశాను.

బాయిలర్లకు వచ్చే బొగ్గులో బూడిద ఎంత, తేమ ఎంత, కాలిస్తే వచ్చే వేడి ఎంత అని తేల్చడం మా పని. లారీ బొగ్గంతా కాల్చి చూడలేం. అందులోంచి కొంత తీస్తాం. ఆ కొంత ఎక్కడి నుంచి తీశామన్నదే ముఖ్యం. పైపైన తీస్తే ఒక లెక్క వస్తుంది, అడుగు దాకా తవ్వి తీస్తే మరొకటి వస్తుంది. పరీక్ష ఎంత గొప్పగా చేసినా, శాంపిల్ తప్పుగా తీస్తే ఫలితం తప్పే. పైగా అది చూడటానికి తప్పులా ఉండదు. అందులోని ప్రమాదం అదే.

ఆ శాంపిల్ తీసేవాళ్లు కాంట్రాక్టు కార్మికులు. ఆరుగురు ఆడవాళ్లు. వాళ్లలో పెద్దది ఓదెమ్మ. లారీ మీదికెక్కి వేర్వేరు చోట్ల తవ్వి బొగ్గు తీయాలి. క్రషర్‌లో వేసి పొడి చేయాలి. పొడిని కుప్ప పోసి, అణిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండింటిని ఉంచి మిగతావి తీసేయాలి. చివరికి ఒక సంచిలో పట్టేంత మిగిలేదాకా అలా చేస్తూ పోవాలి. నేర్పింది నేను. రెండేళ్లు తిరిగేసరికి ఓదెమ్మ నాకంటే బాగా చేసేది. పైన ఉన్నది తీసుకుని తొందరగా వదిలెయ్యమని లారీ డ్రైవర్లు సతాయిస్తే, "నీ లారీ మొకానికి పౌడరు పూసుకొచ్చింది బిడ్డా, జర కడిగి సూడనియ్యి," అని పార దింపేది.

సంచి తయారయ్యాక, చేసినవాళ్లు ల్యాబ్ పుస్తకంలో తేదీ పక్కన సంతకం పెట్టాలి. ఆ నియమం నేను పెట్టిందే. సంతకం లేని శాంపిల్‌ను పరీక్షకు తీసుకునేదాన్ని కాదు.

ఇప్పుడు జూలై సంగతి. కాంట్రాక్టు ఏటా జూన్ చివర ముగుస్తుంది. కొత్త కాంట్రాక్టరు వస్తాడు. మనుషులు పాతవాళ్లే, పని పాతదే. కానీ కొత్త గేటు పాసులు రావడానికి పది పదిహేను రోజులు పడుతుంది. ఆ రోజుల్లో వాళ్లు కాగితం మీద ఎవరికీ చెందరు. లారీలు మాత్రం ఆగవు. అందుకని నేను ఓదెమ్మకు ఫోన్ చేసేదాన్ని. ఆరుగురూ గేటు దగ్గరికి వచ్చేవారు. నేను సందర్శకుల చీటీలు రాసిచ్చేదాన్ని. చీటీలో కారణం అన్న గడి ఒకటి ఉండేది. అందులో "ల్యాబ్ చూడటానికి" అని రాసేదాన్ని. పదకొండు జూలైలు వాళ్లు ల్యాబ్ చూడటానికి వచ్చారు. రోజుకు ఎనిమిది గంటలు చూశారు.

ఆ రోజుల్లో వాళ్లకు బీమా ఉండేది కాదు. చీటీ మీద వచ్చినవాళ్లు యంత్రాన్ని ముట్టుకోకూడదన్న నియమం గోడ మీద నా సంతకంతోనే ఉండేది. ఒక జూలైలో ఓదెమ్మ కొంగు క్రషర్ బెల్టులో పడింది. చిరిగి బయటికొచ్చింది. ఆమె నవ్వి, మిగిలిన కొంగు నడుముకు చుట్టుకుని పనిలో పడింది. జరిగింది ఎక్కడైనా రాయాలి. నేను రాయలేదు.

పదకొండో ఏడు దాటాక కార్మిక సంఘం లేబర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టింది. అడిగింది ఒక్కటే. కాంట్రాక్టరు ఎవరు మారినా మేం ఇదే చోట విరామం లేకుండా పని చేస్తున్నాం, ఏటా మమ్మల్ని కొత్తవాళ్లుగా రాసుకోవద్దు, మా సర్వీసును ఒకటిగా గుర్తించాలి. గుర్తిస్తే, వచ్చిన ప్రతి కాంట్రాక్టరూ తన ఇష్టం వచ్చినట్టు వాళ్లను తీసేయడానికి వీలుండదు. రికార్డులు చూసి నివేదిక ఇవ్వమని యాజమాన్యం ముగ్గురితో కమిటీ వేసింది. ఒక పర్సనెల్ ఆఫీసరు, ఒక ఇంజనీరు, నేను.

కమిటీ కూర్చోవడానికి ముందు రోజు మధ్యాహ్నం, అన్నం గిన్నె కడుక్కుంటూ ఓదెమ్మ నన్ను పలకరించింది.

"మేడమ్, గా కమిటీల మీరున్నరట."

"ఉన్న."

"ఇగ నాకు ఫికర్ లే. మావోళ్లకు గూడ గదే చెప్పిన. మేడమ్ వాన పడ్డదన్నా గిన్నె పెట్టి కొలిచినంకనే నమ్ముతది, అసొంటి మనిషుంటే ఎవ్వని ఒట్టి మాటా నడవదని."

నవ్వాను. "కొలిచినంక ఏం వస్తదో ముందుగాల్నే ఎట్ల చెప్తం ఓదెమ్మా."

"మమ్ముల కొలుసుడేంది మేడమ్? పదకొండేండ్ల సంది మీ ముంగటనే ఉంటిమి. పాసుల్లేనప్పుడు మీరే ఫోన్ చేసి పిలిస్తిరి."

చేతిలో పెన్ను ఉంది. దాని మూత పెట్టాను, తీశాను. "గా పిలిచిన సంగతి ఎవరికన్న చెప్పినవా?"

ఆమె గిన్నె బోర్లించి నా వైపు చూసింది. "నేనెందుకు చెప్త? మీకు పరేషాన్ అయితది గద. చెప్పేదుంటే మీరే చెప్తరు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందా అని చాలాసార్లు వెనక్కి వెళ్లి వెతికాను. లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

మర్నాడు బల్ల మీద పదకొండేళ్ల హాజరు పుస్తకాలు పేర్చి ఉన్నాయి. అన్నీ చూడటం కుదరదని పర్సనెల్ ఆఫీసరు అన్నాడు. శాంపిల్ తీద్దాం, అది మేడమ్‌కు తెలిసిన విద్యే కదా అన్నాడు. ఆయనకు జూలై సంగతి తెలిసి అన్నాడా? ఆధారం లేదు. నాకు తెలిసినంతవరకు ఎవరూ నా మీద ఒత్తిడి తేలేదు. ఎవరో నా చేత చేయించారని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు.

జూలై తీద్దాం అన్నాను.

ఎందుకని ఇంజనీరు అడిగాడు. ప్రతి సంవత్సరం ఒకే నెల తీసుకుంటే పోలిక సమంగా ఉంటుందని చెప్పాను. వాక్యం ఎంత శుభ్రంగా ఉందో చూడండి. నివేదికలో కూడా అదే రాశాను. పదకొండు జూలైలు తెరిచాం. పదకొండింటిలోనూ మొదటి రెండు వారాల్లో ఆ ఆరు పేర్లు లేవు. తర్వాత కొత్తగా చేరినట్టు ఉన్నాయి. పరిశీలించిన రికార్డులలో నిరంతర సర్వీసుకు ఆధారం కనిపించలేదని రాసి సంతకం చేశాను. ఒక్క అక్షరం తప్పు కాదు. పక్క గదిలో ల్యాబ్ పుస్తకాలు ఉన్నాయి. అవే జూలైలు, అవే తేదీలు, ఆరు సంతకాలు. వాటిని పరిశీలించిన రికార్డులలో చేర్చలేదు.

ఎందుకు చేశాను? భయం అనుకుంటాను. ఇంకో నెల తీసి ఉంటే వాళ్లు పనిలో ఉన్నారని తేలేది. అప్పుడు మధ్యలో ఈ జూలై ఏమిటని ఎవరో ఒకరు అడిగేవారు. నా చీటీలు బయటికి వచ్చేవి, బెల్టులో పడ్డ కొంగు బయటికి వచ్చేది, గోడ మీది నియమం కింద నా సంతకం కనిపించేది. ఇలా చెబితే సమాధానం పూర్తయినట్టే అనిపిస్తుంది. కానీ భయం ఒక్కటే అయితే నేను కమిటీలో ఉండనని చెప్పి తప్పుకోవచ్చు కదా? తప్పుకోలేదు. శాంపిల్ ఎలా తీస్తే ఏ ఫలితం వస్తుందో ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. ఆ తెలివి పనికొచ్చిన క్షణంలో నాకు లోపల ఎక్కడో ఒక చిన్న తృప్తి కలిగింది. భయం కన్నా దాన్ని ఒప్పుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది. నా పిలుపు విని పని చేసిన రోజులనే, వాళ్లు పని చేయలేదనడానికి రుజువుగా వాడుకున్నాను.

దరఖాస్తు కొట్టేశారు. తర్వాతి జూలైలో నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. కొత్త కాంట్రాక్టరు ఆరుగురిలో ముగ్గురినే తీసుకున్నాడు. ఓదెమ్మను తీసుకోలేదు. ఆమె నాకు రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మూడోసారి చేయలేదు.

ఏళ్లు గడిచాయి. నేను రిటైరవడానికి కొన్ని నెలల ముందు, ఇప్పుడున్న కార్మికులు మళ్లీ దరఖాస్తు పెట్టారు. అదే కోరిక, దాదాపు అవే మాటలు. యాజమాన్యం ఇచ్చిన జవాబు నకలు ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. దాని వెనుక నా నాలుగు పేజీలు జతచేసి ఉన్నాయి. "గతంలో శాస్త్రీయ పద్ధతిలో జరిగిన పరిశీలన" అని వాటిని ప్రస్తావించారు. ఒకసారి చేసిన తప్పు తన పని ముగించుకుని పోయిందనుకున్నాను. పోలేదు. అది ఉద్యోగంలోనే ఉంది.

ఓదెమ్మ ఎక్కడుందో కనుక్కున్నాను. బోథ్ దగ్గర కూతురింట్లో ఉంటోంది. పత్తి ఏరే రోజుల్లో కూలికి పోతుంది. ఒక ఆదివారం వెళ్లాను. అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టింది. నేను నిలబడే మొత్తం చెప్పాను, మీకు చెప్పినంత వరుసగా కాదు. చాట ఆగలేదు. పొట్టు పోతూనే ఉంది. నేను చెప్పడం అయిపోయాక అడిగింది.

"గా బుక్కులు ఇంక ఉన్నయా?"

"ఉన్నయి."

"మా సంతకాలు?"

"ఉన్నయి."

"మరి గీడికెందుకొచ్చినవ్? గాడ సూపియ్యాలె గని."

మళ్లీ కందుల మీదికి తల దించింది. కోపం ఉందో, క్షమ ఉందో నేను చెప్పలేను. నాకు కనబడినంతే రాస్తున్నాను. కూతురు మంచినీళ్లు ఇచ్చింది, తాగి వచ్చేశాను.

తర్వాత చేసింది చిన్న పనే. ఉద్యోగంలో ఉండగానే పదకొండు జూలైల పేజీలకు నకళ్లు తీసి, ఏ పుస్తకం ఏ పేజీ అని ప్రతిదాని మీదా రాశాను. అసలు పుస్తకాలు ఏ బీరువాలో ఉన్నాయో, ఎవరి దగ్గర తాళం ఉందో రాశాను. సందర్శకుల చీటీల సంగతి, కొంగు సంగతి రాశాను. నివేదికకు జూలైని ఎవరు ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో రాశాను. పోయిన వారం కరీంనగర్ వెళ్లి లేబర్ ఆఫీసులో ఇచ్చాను.

కాగితాలు తీసుకునే గుమాస్తా నా అర్జీ పైన 'విషయం' అన్న చోట రాసింది చదివాడు. అది మూడు వరుసలుంది. "ఫలానా నివేదికకు సంబంధించి అదనపు సమాచారం, వివరణ" అని మొదలవుతుంది. అన్నీ రాసినా, ఆ మూడు వరుసల్లో ఇంకా కొంత దాక్కునే ఉన్నాను. ఆయన తన పుస్తకంలోని ఇరుకు గడి చూపించాడు.

"గింత పొడుగుది గీ గడిల పట్టది మేడమ్. ఒక్క ముక్కల చెప్పుండ్రి, ఏం రాయాలె?"

నా వెనుక ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆలోచించడానికి సమయం లేదు. "నేనిచ్చిన పాత రిపోర్టు తప్పు," అన్నాను. తర్వాత, "తెలిసే ఇచ్చిన."

ఆయన తలెత్తాడు. "గట్లనే రాయన్నా?"

"గట్లనే రాయుండ్రి."

రాశాడు. ముద్ర వేసి నా నకలు నాకిచ్చాడు, చేయి చాపి నా వెనుక మనిషి కాగితం అందుకున్నాడు. పక్కకు జరిగాను.

దీనివల్ల ఏమవుతుందో తెలియదు. ఇంత ఆలస్యంగా వచ్చినదాన్ని తీసుకుంటారో లేదో చెప్పలేమని అక్కడి అధికారి అన్నాడు. తీసుకుంటే నా మీద కూడా విచారణ ఉండొచ్చు. ఉండాలి కూడా. ఓదెమ్మకు ఆ తొమ్మిదేళ్లు తిరిగి రావు. ఇప్పుడు క్రషర్ దగ్గర నిలబడ్డవాళ్లకు ఈ కాగితం పనికొస్తే, అది ఆరుగురు ఆడవాళ్లు పెట్టిన సంతకాల బలమే. నా మంచితనం కాదు.

ఆఫీసు మెట్లు దిగి బస్టాండు దాకా నడిచాను. ఎండగా ఉంది. చాలా ఆకలి వేసింది. ఇది ఉపశమనమేనా, ఉదయం నుంచి ఏమీ తినకపోవడమా అని నాలో నేనే ఒకసారి అడిగాను. తిన్నాను. కడుపు నిండిన తర్వాత కూడా ఆ ఉపశమనం అలాగే ఉంది. మంథని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎవరూ నన్ను క్షమించలేదు. నేనూ అడగలేదు. ఆ ఇరుకు గడిలో ఎవరో ఒకరి చేతిరాతలో నా మాట ఉంది. ఇక దాన్ని వెనక్కి తీసుకోవడం నా చేతిలో లేదు.