సమాధుల తోట లేని ఊరు

ఆ కంప్యూటర్ ఆటలో ఒక ఊరుంది. ఊరంటే మాటవరసకే. ఒక సత్రం, ఒక ఆయుధాల అంగడి, ఒక సారాయి కొట్టు, ఒక గుడి. పిల్లలు లేరు, కుక్కలు లేవు, బట్టలు ఆరేసిన తీగ ఒక్కటి లేదు. ఊరి కింద నేలమాళిగ, దాని కింద ఇంకొకటి, అట్లా దిగుతూ పోతే అడుగున ఎక్కడో ఒక మాంత్రికుడు. ఆరుగురు మనుషుల్ని తయారు చేసుకుని, పేర్లు పెట్టి, కత్తులూ కవచాలూ కొనిచ్చి ఆ చీకట్లోకి పంపాలి. కథంతా ఇంతే. ఇంత పిసినారి కథ నేను ఇంకెక్కడా చూడలేదు.

అయినా దానంతగా నన్ను భయపెట్టింది మరొకటి లేదు. తరవాతి కాలంలో రంగులతో, సంగీతంతో వచ్చిన ఆటలు మా బంధువుల పిల్లలు ఆడుతుంటే చూశాను. వాటిలో దయ్యం నోరు తెరిస్తే పళ్లు లెక్కపెట్టొచ్చు. పళ్లు కనిపించాక ఇంక భయమేముంది? ఈ ఆటలో నల్లటి తెర మీద పచ్చటి గీతలు మాత్రమే. ఎదురుగా గోడ, పక్కన తలుపు, ఆ అవతల చీకటి. "ఏదో ఆకారం" అని ఒక ముక్క రాసి ఊరుకుంటుంది. మిగతాది మన బుర్రలోంచి తీసుకుంటుంది. మన బుర్రలో ఏముంటే అదే మన మీదికొస్తుంది. దాని గొప్పతనం అదే, దాని దుర్మార్గం కూడా అదే.

ఎనభైల చివర్లో నేను నంద్యాలలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. ఇల్లు ఆళ్లగడ్డలో. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. సెంటరంటే బట్టల దుకాణం మీద ఒక గది, ఒక ఏసీ, రెండు కంప్యూటర్లు, కిటికీలకు మందపాటి తెరలు. దుమ్ము పడితే మిషన్లు పాడైపోతాయని చెప్పులు బయటే విడవమనేవాడు మా సారు. ఆ విషయంలో కలెక్టరొచ్చినా వినే రకం కాదు. మెట్ల మీద ఎప్పుడు చూసినా చెప్పుల వరసే. లోపలికి పోతే పట్టపగలే చీకటి, చలి, మిషను గొణుగుడు.

ఆట ఫ్లాపీని సారు బెంగళూరు నుంచి తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం బ్యాచి పోయి సాయంత్రం బ్యాచి రాకముందు ఆడేవాళ్లం. సారుకు కత్తి తిప్పడమే గాని దారి గుర్తుండేది కాదు. ఆ ఆట దారి చూపించదు, ఎవరికి వాళ్లే గళ్ల కాగితం మీద పటం గీసుకోవాలి. ఆ పని నాది. ఆరుగురికి పేర్లు పెట్టేటప్పుడు ముందు నడిచే కత్తివీరుడికి మా అన్న పేరు పెట్టాను. ఆలోచించి పెట్టింది కాదు, చెయ్యి ఆ అక్షరాలే కొట్టింది.

అన్న మాకు డెబ్బైల్లో లేకుండా పోయాడు. 'చనిపోయాడు' అనే మాట మా ఇంట్లో ఎవరూ అనేవాళ్లు కాదు. కేసీ కాలువ కింద మాకు కొంచెం మడి ఉంది. ఆ రోజు నీళ్ల వంతు మాది. తెల్లవారుజామున టార్చి పట్టుకుని పోయిన మనిషి తిరిగి రాలేదు. గట్టు మీద చెప్పులు దొరికాయి. పక్కపక్కనే, ఒద్దికగా, వేళ్ల కొస నీళ్ల వైపుగా ఉన్నాయట. కింద తూముల దాకా వెతికారు. అన్న దొరకలేదు, టార్చీ దొరకలేదు.

మా అమ్మ క్రైస్తవ మిషన్ బడిలో లెక్కల టీచరు. ఆ చెప్పులు తెచ్చి గడపకు కుడిపక్కన పెట్టింది. "విడిచిపోయినోడు తొడుక్కోను వస్తాడు" అంది. పదేళ్లు దాటినా అవి అక్కడే ఉన్నాయి. ఆదివారం చర్చికి పోయేముందు తానే దుమ్ము తుడిచేది, ఇంకొకర్ని ముట్టనిచ్చేది కాదు. ఇంట్లోకి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆ చోటు తప్పించి కాలు వెయ్యడం మాకు అలవాటైపోయింది. కొత్తగా వచ్చినవాళ్లు, "ఎవరో వచ్చినట్టుండారే" అని లోపలికి తొంగిచూసేవాళ్లు.

మాలో ఈస్టరు నాడు ఇంకా చీకటి ఉండగానే సమాధుల తోటకు పోతాం. ముందురోజే సున్నం కొట్టించి, బంతిపూలు పెట్టి, తెల్లవారేవేళకు కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. ఎవరి మనుషుల దగ్గర వాళ్లు నిలబడతారు. మేము తాత దగ్గర, అవ్వ దగ్గర నిలబడేవాళ్లం. అమ్మ మాత్రం ఎక్కడా నిలబడేది కాదు. వెలిగించని కొవ్వొత్తి ఒకటి పట్టుకుని సమాధుల మధ్య తిరుగుతూనే ఉండేది. ఒక్కోసారి పొగమంచులో తెల్లచీర కనిపించి కనిపించక, పిల్లలు వాళ్లమ్మల కొంగుల చాటుకు పోయేవాళ్లు.

ఒక ఏడాది నాయన ధైర్యం చేసి, ఉత్త సమాధైనా కట్టిద్దామన్నాడు.

"బతికుండే బిడ్డకు గుంత తవ్విస్తావా?" అంది అమ్మ.

ఆ తరవాత ఆ సంగతి వాళ్ల మధ్య మళ్లీ రాలేదు. దాంతోపాటు మిగతా మాటలూ తగ్గిపోయాయి. ఏటా అమ్మ వెలిగించకుండా తిరిగి తెచ్చిన కొవ్వొత్తులు అల్మారాలో పడి, మా ఎండలకు వంకర్లు పోయాయి.

ఆటలో అన్న పేరు పెట్టుకున్నవాడు చాలా దూరం పోయాడు. నాలుగో మాళిగలో ఒకచోట దీపం పనిచెయ్యదు. ఏ మంత్రం వేసినా తెర నల్లగానే ఉంటుంది, గోడ తగిలితే తగిలిందని ఒక మాట వస్తుంది. అక్కడ ఏదో ఆకారం ఎదురైంది. ఆరుగురూ పోయారు. మిగతా ఆటల్లాగా ఇందులో వెనక్కి తిప్పుకోవడం కుదరదు. మనిషి పోయిన క్షణమే ఫ్లాపీ మీద రాసేస్తుంది, టకటకమని చప్పుడొస్తుంది. ఇంత నిజాయితీ ఆటకెందుకని సారు తిట్టుకున్నాడు. నాకు మాత్రం అది మెచ్చుకోదగ్గ సంగతే అనిపించింది. ఇంకొక సంగతి, పోయినవాళ్లు మాయమైపోరు. పడినచోటే, ఆ చీకట్లోనే ఉంటారు. కొత్త మనుషులెవరైనా పోయి వెతికి, మోసుకుని పైకి తేవాలి.

కళ్లద్దాలు మార్చుకోవడానికి అమ్మ నంద్యాలకు వచ్చింది అప్పుడే. నాతోపాటు బస్సుకు పోదామని సెంటరుకు వచ్చి, మెట్ల మీద చెప్పుల వరస చూసి ఆగిపోయింది.

"ఇంతమంది యాడికి పోయినార్ మే?"

"లోపలుండారు మా. పాఠం వింటాండారు."

తన చెప్పులు విడిచి, పక్కగా, వేళ్లు బయటికి ఉండేట్టు తిప్పి పెట్టి లోపలికి వచ్చింది. బ్యాచి అయిపోయి పిల్లలు పోయారు. సారు ఆట పెట్టాడు. చనిపోయినవాళ్ల పేర్లు తెర మీద వరసగా వచ్చాయి. అమ్మ కొత్త అద్దాలు సర్దుకుని దగ్గరికి వంగింది.

"వాని పేరు ఈడెందుకుంది?"

చీవాట్లు తప్పవనుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మాళిగలు, చీకటి, పడినచోటే ఉండడం, అన్నీ చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది.

"యాడుండాడు?"

గళ్ల కాగితం తీసి గుర్తు చూపించాను. ఆ గడి మీద వేలు పెట్టి చాలాసేపు అట్లాగే ఉంది.

మరుసటి వారం పెన్సిలు చెక్కుకుని తానే వచ్చింది. బడి నుంచి రిటైరై అప్పటికి ఏడాది కావస్తోంది, అడిగేవాళ్లు లేరు. నాయనతో కంటి డాక్టరు రమ్మన్నాడని చెప్పింది. సారుకు అమ్మంటే బడిపిల్లోడి భయం. కొత్త ఆరుగుర్ని తయారు చేశాం. వాళ్లకు పేర్లు పెట్టనివ్వలేదు అమ్మ, ఒకటో వాడు, రెండో వాడు అని పెట్టమంది. వారాల తరబడి వాళ్లను పెంచి, కిందికి దింపి, చివరికి ఆ గడికి చేరుకున్నాం. వెతకమని మీట నొక్కాను.

ఇక్కడ ఎవరూ లేరు, అని వచ్చింది.

ఆ గడి నేనే గుర్తుపెట్టింది. ఆటలో మనుషుల్ని జరిపేవాళ్లెవరూ లేరు. అమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు.

"నీళ్లు తీస్కపోయింటాయి" అంది.

ఆ ఆటలో నీళ్లు లేవు. సారూ నేనూ మొహాలు చూసుకున్నాం.

సంగతి తరవాత తెలిసింది. దారిలో ఒక గది ఉంది, అందులో కాలు పెడితే నేల మనల్ని చప్పుడు లేకుండా వేరే దిక్కుకు తిప్పేస్తుంది. తిప్పినట్టు చెప్పదు. ఉత్తరమనుకుంటూ తూర్పుకు పోతుంటాం. ఆ గది నుంచి అవతల నా పటమంతా అబద్ధం. ఇట్లాంటి మోసాన్ని ఆట గొప్పతనంలో వెయ్యాలో లోపంలో వెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ కొత్త కాగితం మీద పటమంతా మళ్లీ గీసింది. గుర్తు దీపం పనిచెయ్యని చోట్లోనే, ఇంకా లోపలికి జరిగింది.

ఆ మధ్యాహ్నం నల్లటి తెర ముందు గుడ్డివాళ్లలాగా నడిచాం. నేను మీట నొక్కడం, గోడ తగలడం, అమ్మ పెన్సిలుతో గీత గియ్యడం. ఒకచోట అమ్మ, "ఆగు" అంది. ఎందుకో నేను అడగలేదు. వెతికాను. చీకట్లోంచి ఒక్కొక్క పేరూ పైకి వచ్చింది. మోయడానికి ఒక్కడికే చోటుంది.

"వాన్ని తీస్కో" అంది అమ్మ.

పైకి తెచ్చాం. ఈ ఆటలో చనిపోయినవాళ్లను గుళ్లో పూజారి లేపుతాడు. రేటు చెప్పి మరీ లేపే పూజారి. కావలసినంత బంగారం మా దగ్గరుంది. లేపాలంటే వై, వద్దంటే ఎన్ నొక్కమని తెర మీద వచ్చింది. సారుకు హుషారొచ్చింది.

"వై నొక్కండి టీచరమ్మా. లేస్తాడు."

అమ్మ వేలు మీట మీద పెట్టి ఆగింది. "లేస్తే వాడేనా?"

"అదే పేరు మా."

"లేయకుంటే?"

"బూడిదైతాడు. బూడిదను ఇంగోసారి లేపొచ్చు. అదీ కాకుంటే పేరు గూడా పోతాది."

అమ్మ వేలు తీసేసింది.

"మనోళ్లను కాల్చరు గదమ్మే."

"ఇది ఆట మా."

"ఆటైతే ఏంది? నా బిడ్డను బూడిద కానీయను." కాసేపు తెర చూసి అడిగింది. "పూడ్చే తావు యాడుంది?"

లేదని చెప్పాను. సారు నవ్వబోయి, అమ్మ మొహం చూసి మానుకున్నాడు.

"ఇంత ఊరు కట్టినారు. సత్రముంది, సారాయంగడుంది. దిగిపోయినోళ్లు దిగిపోతానే ఉండారు. పూడ్చేదానికి ఆరడుగుల నేల పెట్టలేదా?"

ఆ ఆట గురించి ఎంతోమంది ఎన్నో లోపాలు చెప్పగా విన్నాను. దొంగదెబ్బలంటారు, విసుగంటారు, కథ లేదంటారు. మా అమ్మ పట్టుకున్న లోపం ఇంకెవరూ పట్టుకోలేదు. కాని ఆ నిమిషంలో నాకు ఇదేమీ తోచలేదు. నాకు ఏడుపొచ్చింది. వై నొక్కాలనిపించింది. గోడల బొమ్మలోనైనా, పచ్చ అక్షరాల్లోనైనా అన్న ఒక్కసారి లేవాలనిపించింది.

"నొక్కుదాం మా" అన్నాను.

"వద్దు పాపా. దొరికినాడు. చాలు."

వాణ్ణి గుళ్లోనే, చనిపోయినవాడిగానే, పేరుతో సహా వదిలేశాం. బయటికొస్తే మెట్ల మీద మా చెప్పులు కాక ఇంకొక మగజత ఉంది. లోపల ఎవరూ లేరు. ఎవరివని సారు కింది దుకాణంలో కూడా అడిగొచ్చాడు. అమ్మ వాటిని చూసి మెట్లు దిగింది. మరుసటి రోజు కూడా అవి అక్కడే ఉన్నాయి, ఆ తరవాత కనిపించలేదు.

బస్సు కాలువ దాటేచోట అమ్మ ఎప్పుడూ కళ్లు మూసుకునేది. ఆ సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని, నీళ్లు కనిపించినంతసేపూ చూసింది.

నాయన వాకిట్లో మంచం నులక బిగిస్తున్నాడు. అమ్మ సంచి కింద పెట్టకుండానే ఆయన ముందు నిలబడింది.

"ఇంటాండావా? గుంత తవ్వించు."

నాయన నులక వదిలేసి, తొట్టి దగ్గరికి పోయి, మొహం కడుక్కుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

పాస్టరుగారు ప్రార్థన చేశారు. గుంతలో అన్న చెప్పులు పెట్టింది అమ్మే. తోలు బిగుసుకుపోయి కట్టెల్లా ఉన్నాయి. పక్కపక్కనే, ఒద్దికగా పెట్టి, తానే మొదటి పిడికెడు మన్ను వేసింది. ఆ ఈస్టరుకు వంకర్లు పోయిన కొవ్వొత్తులన్నీ తెచ్చింది. ఒకటీ నిటారుగా నిలవదు. మన్ను కుప్ప చేసి, ఆనించి, అన్నీ వెలిగించాం. అమ్మ ఆ రోజు ఎక్కడికీ తిరగలేదు. మాతోపాటు నిలబడి పాట పాడింది.

తెల్లవారాక ఇంటికొచ్చాం. నాయన ముందు నడిచాడు. గడప దగ్గర కుడిపక్క చోటు తప్పించి లోపలికి పోయాడు. నేనూ తప్పించే పోయాను. వెనక అమ్మ వచ్చి, సరిగ్గా ఆ చోటే కాలు పెట్టి, గడప దాటింది.