వెనక తలుపు దగ్గరి ఇటుక

మా పెద్దసారు పోయారని ఉప్పల్ రింగురోడ్డు సిగ్నల్ దగ్గర తెలిసింది. ఫోన్లో వాళ్లావిడ, "మీ సారు ఇగ లేడమ్మా," అన్నారు. "పొద్దుగాల చాయ్ తాగిండు. కుర్చీల అట్లనే ఒరిగిండు." నేనేమన్నానో గుర్తులేదు. పచ్చలైటు పడింది, వెనక హారన్లు మోగాయి, బండి ముందుకు పోనిచ్చాను.

మేం చేసే పని ఎవరికీ కనిపించదు. భవనంలోకి ఎంత గాలి రావాలో, ఎంత బయటికి పోవాలో చూసి, గాలి గొట్టాల్లో, అంటే డక్టుల్లో, ఉండే రేకు తలుపులు తిప్పి సరిచేస్తాం. ఒక గదిలో తగ్గిస్తే పక్క గదిలో పెరుగుతుంది. మళ్లీ మొదటి గదికి రావాలి. ఈ తిరుగుడు నాకు అప్పుడూ విసుగే, ఇప్పుడూ విసుగే. ఆయన మాత్రం నడుం మీద చెయ్యేసుకుని, "ఇంకో రౌండు కొట్టొద్దాం పా," అనేవారు.

ఏ గదికి వెళ్లినా ముందు గాలి కొలిచే మీటరు తీయనిచ్చేవారు కాదు. తలుపును ఒక్క వేలితో తోసి చూసేవారు. బరువుగా కదిలితే, లోపలికొచ్చే గాలికీ బయటికి పోయే గాలికీ లెక్క కుదరలేదని తల అడ్డంగా ఊపేవారు. పెళ్లిళ్లకు పోయినా ఫంక్షన్ హాలు తలుపులు తోస్తూ నిలబడతాడని వాళ్లావిడ ఆటపట్టించేవారు.

నాచారంలో మసాలా పొడులు చేసే చోట ప్యాకింగ్ హాల్లో ఆడవాళ్లు ఎప్పుడూ దగ్గుతుండేవారు. సేటు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెంచుకుంటూ పోయాడు. లాగేవే తప్ప గాలి లోపలికొచ్చే దారి లేదు. దాంతో పక్కగదిలో మిరపకాయలు పట్టే గిర్నీ ఘాటంతా సందుల్లోంచి హాల్లోకే వచ్చేది. ఊపిరాడక వాళ్లు వెనక తలుపు మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టుకునేవారు. ఈగలూ దుమ్మూ వస్తాయని సేటుకు కోపం. సరుకు కొనేవాళ్లు తనిఖీకొచ్చే రోజు ఇటుక కనిపిస్తే పని మానుకొమ్మని హాలు చూసుకునే అక్కతో చెప్పేశాడు. ఆమె సంపాదన మీదే వాళ్లిల్లు నడిచేది.

అప్పుడు సేటు మమ్మల్ని పిలిపిస్తే, లోపలికి గాలి తోసే ఫ్యాను పెట్టించాం. హాల్లో లాగుడు తగ్గించి, గిర్నీ గదిలో పెంచాం. ఘాటు అటు తిరిగింది, లెక్కలన్నీ కుదిరాయి. మర్నాడు వెళ్తే ఇటుక మళ్లీ తలుపుకే ఉంది. ఆ ఫ్యాను గాలి హాల్లోకి వచ్చే కొత్త జాలీలో గోనెసంచి కుక్కి ఉంది.

సేటు ఆ అక్కను అందరిముందూ తిడుతున్నాడు. ఆమె మా సారు వైపే చూసింది. "పొడి మొత్తం మొకాన కొడ్తుంది సారూ. కండ్లు తెర్వనిస్తలేదు. కుక్కకపోతే ఏం జెయ్యాలె?"

ఆయన సంచి పీకించి, వెళ్లి జాలీకి ఎదురుగా ఉన్న ఆమె స్టూలు మీద కూర్చున్నారు. చాలాసేపటికి కళ్లు తుడుచుకుంటూ లేచారు.

"ఆమెను అనకు సేట్. జాలీ ఆడ పెట్టిచ్చింది నేను. గాలి ఎంతొస్తుందో సూసిన గని, ఎవరి మీద పడ్తుందో సూడలే."

ఆ పని అయ్యాక సేటు మాకు ఇంకే పనీ ఇవ్వలేదు. అంత బాహాటంగా ఒప్పుకోవాల్సిందా అని నాకు చాలా రోజులు సందేహం. ఇప్పటికీ పూర్తిగా తీరిందని చెప్పలేను.

గాలి గోడ పొడవునా పైనుంచి మెల్లగా దిగేలా మార్చాం. తర్వాత ఎన్ని రౌండ్లు తిరిగామో. అయిపోయింది కదా సార్ అని నేనంటే, "మనం చెప్తే అయిపోదమ్మా. వాళ్లు ఇటుకను మర్సిపోవాలె," అనేవారు. తనిఖీ నాటికి ఇటుక తలుపు దగ్గర లేదు. అక్క పని పోలేదు.

సారు కర్మ అయ్యాక ఆమెకు చెప్పాలనిపించి నాచారం వెళ్లాను. వెనక తలుపు దగ్గరికే వచ్చింది. విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా స్టూలు మీద కూసున్న సారేనా?"

ఆయనేనన్నాను. లోపల ఎవరో పిలిస్తే వెళ్లింది. ఆమె వెనకే తలుపు మెల్లగా, చప్పుడు లేకుండా మూసుకుంది. గోడవారన వాన నీళ్లలో ఇటుక పడి ఉంది, పచ్చగా నాచు పట్టి.