జవాబు లేని తొమ్మిదో పాట

సీడీలు కొనేవాళ్లను చూసి నవ్వేవాళ్లతో నేను వాదన పెట్టుకోను. ఫోన్‌లో అన్నీ దొరుకుతాయంటారు. అన్నీ దొరకవు. పెళ్లి మేళాల్లో జీవితమంతా సన్నాయి ఊదిన ఒకాయన తనకోసం తాను వాయించుకున్న గంటసేపు దొరకదు. ఒక టీచరమ్మ పిల్లల చేత పాడించిన ఎక్కాల పాటలు దొరకవు. కూకట్‌పల్లిలో ఒక క్యాసెట్ల షాపు మూసేస్తున్నప్పుడు, అట్టపెట్టెల ముందు గొంతుక్కూర్చుని మోకాళ్లు పట్టేసేదాకా ఏరుకున్నవి ఇవన్నీ.

వాటిలో నాకు ప్రాణమైనది ఒక నాట్ల పాటల సీడీ. అట్ట మీద, బురదలో చీరలు ఎగదోపుకుని నిలబడ్డ ఎనిమిదిమంది ఆడవాళ్ల ఫొటో. ఒక్కరి పేరూ లేదు. ఎనిమిది పాటల్లో ఒకామె పాడితే మిగిలినవాళ్లు అందుకుంటారు. ఆ ముందు పాడే గొంతు సన్నదీ కాదు, తీయనిదీ కాదు. కానీ వింటే ఒళ్లు ఝల్లుమంటుంది. తొమ్మిదో పాట మాత్రం విడ్డూరం. అందులో ఆమె ఒక్కతే ఉంటుంది. ఒక ప్రశ్న పాడి ఆగుతుంది. ఏం కూర వండావు, ఏ మడిలో దిగావు, నీ చేతి గాజులేవి. ఆగినచోట తాళాల చప్పుడొక్కటే నడుస్తుంది. మళ్లీ ఇంకో ప్రశ్న. పాటంతా అంతే.

దీని మీద నేను వెలగబెట్టిన పాండిత్యం ఇంతా అంతా కాదు. ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర మా టీమ్‌కు క్లాసు పీకాను. జవాబు లేని ప్రశ్నలే జీవితమనీ, మౌనాన్ని ఇంత ధైర్యంగా వాడినవాళ్లు లేరనీ చెప్పాను. పాపం, తలలూపారు.

నా కారు పాతది. సీడీ పట్టే కారు కాబట్టి మార్చను. ఒక మధ్యాహ్నం కోకాపేటలో మా ఆఫీసు పక్క సందులో, జొన్నరొట్టెల బండి దగ్గర ఆపి, అద్దాలు దించి, ఆ సీడీ నడుస్తుండగానే రొట్టెలు చెప్పాను. బండి నడిపే పెద్దావిడ ఆ ఊరి మనిషే. రోజూ రెండు రొట్టెలూ పప్పూ పెట్టడం తప్ప నాతో ఎక్కువగా మాట్లాడింది లేదు. ఆ రోజు రొట్టె చరుస్తున్న చేయి ఆగిపోయింది.

"బిడ్డా, గా పాట యాడిది?"

"నాట్ల పాటల సీడీ అండి. పాతది."

"గది మా అక్క గొంతు."

నేను నమ్మలేదు. అట్ట చేతికిచ్చాను. పిండి అంటిన వేలు ఎడమ చివర ఉన్న మనిషి మీద పెట్టింది, తర్వాత పక్క మనిషి మీద. "గిది అక్క. గిది నేను."

ఇన్నాళ్లూ నేను గొప్పలు పోయిన పాటల్లోని మనిషి చేతి రొట్టెనే నేను రోజూ తింటున్నాను.

"ఎనిమిది పాటలు ఒక్క దినంలనే అయినయి," అంది. "ఆఖరుది మా ఇద్దరిది. అక్క అడుగుతది, నేను జెప్త. తెల్లారి రమ్మన్నరు. పొద్దుగాల మా ఆయన పానం బాగలేక దవాఖానల పడె, నేను పోలే. నీ జాగల ఇంకొకామెను నిలవెట్టి పాడిచ్చింది మీ అక్క అని వాడకట్టోళ్లు జెప్పిన్రు. కోపమొచ్చి మాట బంద్ జేసిన. ఏడాది తిరగకముందే అక్క పాయె."

అక్క కూతురు సీడీ తెచ్చిస్తే ముట్టనైనా లేదట. ఇంట్లో పెట్టుకు వినే మిషనూ లేదు.

అప్పటికి కారులో ఎనిమిదో పాట అయిపోవచ్చింది. "ఇగ బంద్ చెయ్ బిడ్డా. నా జాగల ఎవలున్నరో నాకు ఇన బుద్ధైతలేదు."

నేను మౌనమనీ ధైర్యమనీ ఊదరగొట్టింది ఏమిటో అప్పుడు తెలిసింది. చచ్చేంత సిగ్గేసింది. "ఎవరూ లేరమ్మా," అన్నాను. "ఎవరూ పాడలేదండి."

"అబద్ధం జెప్పకు."

"మీరే వినండి."

తొమ్మిదో పాట మొదలైంది. ఏం కూర అని అక్క అడిగింది. తాళాల చప్పుడు. ఏ మడి అని అడిగింది. మళ్లీ తాళాలే. ఈమె కారు తలుపు గట్టిగా పట్టుకుని, ఇంకెవరైనా పలుకుతారేమోనని ఊపిరి బిగబట్టి వింటోంది. మూడో ప్రశ్న గాజుల గురించి. తాళం రెండు దెబ్బలు పడేలోగా ఈమె నోట జవాబొచ్చింది, నారుమడి గట్టు మీద పగిలాయక్కా అని. ఆ ఖాళీకి ఒక్క అక్షరం ఎక్కువ కాలేదు, ఒక్క అక్షరం తక్కువ కాలేదు. ఈమె మాట విన్నట్టే అవతలి గొంతు ఇంకొకటి అడిగింది.

నేను సంగీతం చాలా విన్నాను. ఇలాంటిది వినలేదు. మెడలో ఐడీ కార్డులతో రొట్టెల కోసం నిలబడ్డవాళ్లు ఫోన్లు దించేశారు. పెనం మీద రొట్టె మాడుతోందని ఎవరూ చెప్పలేదు. అక్కణ్నుంచి చివరి ప్రశ్న దాకా ఒక్కటీ వదలకుండా ఆమె జవాబు చెప్పింది.

పాట అయిపోయాక కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎవల్ని నిలవెట్టలే," అంది. "నా జాగ నాకే ఇడిచిపెట్టింది. నేనే ఒక్క మాట అడగకపోతిని," అంది.

ఆమె వెళ్లి మాడిన రొట్టె తీసి పక్కన పడేసి, మంట తగ్గించి, మళ్లీ కారు దగ్గరికి వచ్చింది.

"మల్లోసారి పెట్టు బిడ్డా. మొదాలు అక్క అడిగిన రెండింటికి జవాబియ్యలే."