కొల్లేటి చెమ్మ

"ఎర్తు వైరు లూజండి. గతుకులో కదిలి పాట ఆగిపోతంది," అన్నాడు ఏలూరులో మెకానిక్, నా కారు డిక్కీలో ఉన్న ఆంప్లిఫయర్ విప్పి. లోపలినుంచి వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. అచ్చం మా నాన్న షాపు వాసన.

నాన్న తాడేపల్లిగూడెంలో కార్ల ఆంప్లిఫయర్లు బాగుచేసేవారు. కానీ కొల్లేటి గట్టు మీదుగా అమ్మమ్మగారింటికి వెళ్తుంటే మా కార్లో పాటే మధ్యలో ఆగిపోయేది. అత్తవారి ఊరు దగ్గరపడేసరికి నాన్నలాగే అది కూడా మర్యాదగా నోరు మూసుకుంటుందని అనుకునేదాన్ని.

"మళ్ళీ ఆగిందేంటండీ?" అనేది అమ్మ.

"కొల్లేటి చెమ్మకి అంతే," అనేవారు నాన్న, కారు నెమ్మది చేస్తూ.

కిటికీలోంచి చేపల చెరువుల నీచు వాసన వచ్చేది. ఇంట్లో ఎప్పుడూ గొంతెత్తని అమ్మ, చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్న పాటేదో మెల్లగా అందుకునేది. ఊరు వచ్చేదాకా నాన్న కారు వేగం పెంచేవారు కాదు.

మెకానిక్ స్క్రూ బిగించాడు. పాట మళ్ళీ మొదలైంది.

"ఏది ఆగినా ముందు ఎర్తు చూడండర్రా" అని షాపులో కుర్రాళ్ళకి రోజూ చెప్పే మనిషి, ఆ కారు అమ్మేసేదాకా మా ఎర్తు వైరు ముట్టుకోలేదు.